అమ్మ చేతి మీది జంతువులు

మా అమ్మకు ముక్కు మీద కోపం. అది నాకూ వచ్చింది కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు నాకుంది. ఎంత తొందరగా అలుగుతుందో అంత తొందరగా మరచిపోతుంది. పొద్దున అలిగితే మధ్యాహ్నం చాయ్ వేళకు తనే పిలిచి బిస్కెట్ ఇస్తుంది. ఒక్కసారి మాత్రం ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె చేతి మీద జంతువులున్నాయని నేను చెప్పినప్పుడు.

మాది చంద్రపూర్. నాన్న బొగ్గుగని ఉద్యోగానికి కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు, అమ్మ ఆయన వెంట వచ్చింది, నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ కలిపి హిందీ. తెలుగు చదవడం, రాయడం చాలా పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ రోజుల్లో అయితే నా తెలుగు మొత్తం అమ్మ దగ్గర విన్నదే, అందులో దొరకని మాటకు మరాఠీ మాట అతికించేదాన్ని. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

అమ్మ డబ్బాలు కట్టేది. పద్మాపూర్ గనుల్లో పనిచేసే పద్నాలుగు మంది తెలుగువాళ్లు, పెళ్లాం పిల్లలను ఊళ్లో వదిలి ఇక్కడ గదుల్లో ఉండేవాళ్లు, మధ్యాహ్నం మా అమ్మ వంటే తినేవారు. అన్నం, పప్పు, ఒక కూర, ఎర్రటి తొక్కు, పెరుగు. పొద్దున ఎనిమిదింటికల్లా పద్నాలుగు స్టీలు డబ్బాలు ఆటోలో ఎక్కాలి. వాళ్లు తినేది ఒంటిగంట దాటాక. కాలనీలో అమ్మను ఎవరూ ఫలానా వాళ్ల భార్య అనేవారు కాదు, డబ్బాలక్క అనేవారు. ఆ పిలుపు అంటే ఆమెకు ఎంత ఇష్టమో పైకి చెప్పదు కానీ, వీధి చివరి నుంచి ఎవరైనా అలా పిలిస్తే కొంగు సర్దుకుని మరీ పలికేది.

డబ్బా కట్టడంలో ఆమెకో పద్ధతి ఉంది. గిన్నెలో అన్నం నింపాక కుడిచేతి అయిదు వేళ్లతో దాని మీద మెల్లగా ఒత్తేది. "కడుపు నిండాలె" అని లోపల్లోపల అనుకునేది. అన్నం మీద అయిదు చిన్న గుంటలు పడేవి. అప్పుడు మూత పెట్టేది. పద్నాలుగు డబ్బాలకు పద్నాలుగుసార్లు. నేను పుట్టకముందు వాళ్ల అమ్మ పొలానికి సద్ది కట్టేటప్పుడు అలాగే చేసేదట. అలా ఒత్తితే తిన్నవాడికి మళ్లీ ఆకలి వేయదని నమ్మకం.

ఉగాది దాటిందంటే చంద్రపూర్ ఎండ గురించి చెప్పేదేముంది. నేను బీఎస్సీ చివరి ఏడాదిలో ఉండగా ఆ ఎండ ఇంకా ముందే ముదిరింది. ఊళ్లో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మోగుతున్నాయి, కిరాణా కొట్లో సీసా నీళ్లు, వెండి రంగు ప్యాకెట్లు వేలాడుతున్నాయి. గని దగ్గర ఎవరో కొత్తగా కాంటీను తెరిచారు. గాజు అద్దాల వెనక వేడి వేడి పదార్థాలు, తెల్ల టోపీలు పెట్టుకున్న వంటవాళ్లు. సరిగ్గా ఆ సమయంలోనే అమ్మ పప్పు పాసిపోవడం మొదలైంది. ఒకసారి కాదు, వారంలో రెండుసార్లు. ముగ్గురికి కడుపు చెడింది.

ఆదివారం ఆ పద్నాలుగు మందిలో పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మకంటే రెండు మూడేళ్లు చిన్న. గడపలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"అక్కా, మనసుల వెట్టుకోకు. పోరగాండ్లు పరేషాన్ ఐతుండ్రు. ఇంకో మూడు వారాలు చూద్దామన్న. గప్పటికి మంచిగ కాకుంటె కాంటీనుకు పోతమంటుండ్రు."

"నా చేతి అన్నం పాసిపోయిందా తమ్మీ?" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. అది చూసి నాకు భయం వేసింది.

ఆయన వెళ్లాక అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు చేతులు చూసుకుంది. ఆ డబ్బాలు పోతే ఇల్లు గడవదని కాదు. నాన్న జీతం ఉంది. కానీ ఆ డబ్బాలు పోతే ఈ ఊళ్లో ఆమెకు తనదంటూ ఉన్న పేరు పోతుంది. పరాయి ఊళ్లో ఆమె సంపాదించుకున్నది ఆ ఒక్క పేరే. "ఇజ్జత్ పాయె బిడ్డా" అంది. ఇంత చదువు చదివి అమ్మకు ఇది సరిచేయలేనా అనుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో అందరికీ ఉండే పొగరే, నాకు కొంచెం ఎక్కువ ఉండేది.

ఎందుకంటే మా కాలేజీలో నేను చేస్తున్న ప్రాజెక్టు సరిగ్గా అదే. వంటింటి దినుసులు సూక్ష్మజీవులను ఆపుతాయా లేదా అని చూడడం. మా సార్ మరాఠీ ఆయన, సన్నగా, గాలి వీస్తే ఊగేటట్టు ఉండేవాడు, జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలు. గడ్డకట్టిన గంజిలాంటి పదార్థం పోసిన గాజు పళ్లెంలో సూక్ష్మజీవులను చల్లి, దాని మీద లవంగం నూనెలో ముంచిన కాగితం బిళ్ల పెట్టేవాళ్లం. మర్నాటికి పళ్లెమంతా తెల్లటి పొర కమ్ముకునేది, బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ స్థలం మిగిలేది. ఆ ఖాళీ ఎంత పెద్దగా ఉంటే ఆ దినుసు అంత గట్టిదన్నమాట. లవంగం గెలిచింది. వాము దాని వెనకే వచ్చింది. పసుపు నా పరువు తీసింది, దాని చుట్టూ ఖాళీ కనీకనిపించనట్టు వచ్చింది. "పాపం, దానికి నీళ్లలో కరగడం రాదు. చాలా చాలా సన్నగా చేయగలిగితే అప్పుడు చూడు దాని పని" అన్నాడు సార్.

ఆ సన్నగా చేయడమే ఆయనకు పట్టిన కొత్త పిచ్చి. నాగపూర్‌లో ఏదో సభకు వెళ్లి నానో అనే మాట పట్టుకొచ్చాడు. వేపాకు కషాయంలో వెండి లవణం కలిపి బల్ల మీద పెట్టాడు. నీళ్లలా ఉన్నది కాసేపటికి చాయ్ రంగులోకి మారింది. వెండి కంటికి ఆనని రేణువులుగా మారిందని, ఆ రేణువులు సూక్ష్మజీవులను బతకనివ్వవని చెప్పాడు. దాంట్లో లవంగం నూనె కూడా కలిపి బిళ్ల పెడితే ఖాళీ స్థలం ఇంకా పెద్దదైంది. సార్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. రేపోమాపో తిండి చుట్టే కాగితాలకు, డబ్బాల లోపలి పూతకు ఇదే వాడతారన్నాడు.

నేను ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, అన్నంల జంతువులు పెరుగుతున్నయే. అందుకే పాసిపోతుంది."

అమ్మ గరిటె ఆపింది. "ఏం జంతువు?"

"శానా చిన్నయి. కంటికి కనవడయి."

"కనవడకుంట నా వంటింట్లకు ఏం జంతువొచ్చిందే? పిల్లి దూరిందా? కుక్క మూతి వెట్టిందా?"

మరాఠీలో జంతూ అంటే రోగం తెచ్చే సూక్ష్మజీవి. బడిలో పదిహేనేళ్లు ఆ మాటే విన్నాను. తెలుగులో దానికి నాలుగు కాళ్లు, తోక ఉంటాయని నాకు గుర్తే లేదు. అమ్మ మొహం ఎర్రబడడం చూసి, సర్దబోయి, "సరే, పురుగులు అనుకో" అన్నాను. అడుసు నుంచి కాలు తీసి పేడలో పెట్టినట్టయింది.

"నా అన్నంల పురుగులా? ఇరవై ఏండ్ల సంది తింటున్నవు, ఒక్కటన్న చూసినవా?"

మాట మార్చడానికి నానో వెండి సంగతి ఎత్తాను. సార్ చెప్పిందంతా చెప్పాను, వెండి, వేపాకు, లవంగం, అన్నీ. విచిత్రంగా అమ్మ చల్లబడింది.

"నానవెట్టుడా? గంతేనా? గది ముందే చెప్పద్దా మరి!"

నానో అంటే నానబెట్టడం కాదని చెప్పబోయి ఆగాను. ఏ తెలుగు మాటతో చెప్పాలి? అంతకుముందు రెండు మాటలు వాడి చూశాను కదా, నోరు మూసుకోవడమే మేలనిపించింది. ఆ సాయంత్రం నేను చూస్తుండగానే అమ్మ నా చిన్నప్పటి వెండి పట్టీలు పెట్టెలోంచి తీసింది, చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది, మరుగుతున్న నీళ్లలో వేసి తీసింది, గుప్పెడు లవంగాలతో కలిపి బిందెలో నానబెట్టింది. పొద్దున ఆ నీళ్లతోనే పప్పు వండింది. నాలుగు రోజులు అలాగే చేసింది. మా వంటిల్లు కిళ్లీ కొట్టు వాసన వేసింది.

అయిదో రోజు పెద్దాయన మళ్లీ వచ్చాడు. కాగితంలో చుట్టిన ఏదో అమ్మ చేతిలో పెట్టాడు.

"అక్కా, పప్పుల మువ్వ దొరికింది. ఒక పోరని పన్ను కింద పడ్డది. పన్ను బరోబరే ఉంది. కని గీ మువ్వ ఎవలిది?"

పట్టీకి ఊడిన మువ్వ. నేను లోపలి గదిలోకి పోయి దిండు నోట్లో కుక్కుకుని కడుపుబ్బ నవ్వాను. అమ్మ మాత్రం ఏమాత్రం తడబడకుండా, "నానవెట్టినం తమ్మీ. మీ ఆరోగ్యానికే. కాలేజీల సారు చెప్పిండు" అంది. ఆయన తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. కాకపోతే గడప దిగుతూ, నిన్న కూడా పప్పు పుల్లగా అయిందని మెల్లగా చెప్పాడు. నా నవ్వు ఆగిపోయింది.

మర్నాడు సార్‌కు అంతా చెప్పాను. మువ్వ సంగతి విని ఆయన కుర్చీలోంచి పడబోయాడు. తర్వాత కళ్లు తుడుచుకుని మంచి మాట చెప్పాడు. తన చాయ్ రంగు వెండి ఇంకా ఎవరి కడుపులోకీ పోకూడదని, అది లోపల ఏం చేస్తుందో తెలియదని, ముందు రోగం ఎక్కడుందో వెతకమని. "ఊహించకు, పళ్లేలు పట్టుకెళ్లు" అన్నాడు.

పళ్లేలు ఇంటికి తెచ్చాను. బిందె నీళ్లు ఒకదాంట్లో, పొయ్యి మీది పప్పు ఒకదాంట్లో, డబ్బాలు తుడిచే తడిగుడ్డ ఒకదాంట్లో అద్దాను. మా ఇంటి మీద ఎప్పుడూ బొగ్గుధూళి వాలుతుంది కాబట్టి అమ్మ కడిగిన డబ్బాలను ఆఖరున ఆ గుడ్డతో మెరిసేలా తుడిచేది. చివరగా, కాస్త జంకుతూ, "అమ్మా, నీ చెయ్యి పెట్టు" అన్నాను. అన్నం ఒత్తినట్టే అయిదు వేళ్లు పళ్లెం మీద మెల్లగా ఒత్తింది. అలవాటు చొప్పున పెదవులు కూడా కదిలాయి.

రెండు రోజులకు నీళ్లు, పప్పు పళ్లేల్లో పెద్దగా ఏమీ లేదు. గుడ్డ పళ్లెంలో ఖాళీయే లేదు. ఇక నాలుగో పళ్లెంలో అమ్మ అయిదు వేళ్లు ఉన్నాయి. నిజంగానే వేళ్లు, పసుపు, తెలుపు చుక్కలతో నింపి ఎవరో ముగ్గు వేసినట్టు. కొస వేలు కొంచెం వంకర, అమ్మకు ఉన్నట్టే. నాకు ముందు సంతోషమే వేసింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. దొరికింది కదా కారణం! ఆ ఊపులోనే ఇంటికి తీసుకెళ్లి ఆమె కళ్ల ముందు పెట్టి, "చూడు, నీ చేతి మీది జంతువులు" అన్నాను.

అమ్మ అరవలేదు. "గిది నా చెయ్యేనా?" అంది. పళ్లెం మీద తన చెయ్యి కాస్త ఎడంగా పట్టి కొలిచి చూసుకుంది. సరిపోయింది. లేచి వెళ్లిపోయింది. ఆ రెండు రోజులూ నాతో ఉలుకూ పలుకూ లేదు. రెండో రోజు పొద్దున డబ్బాలు కడుతూ అలవాటుగా అన్నం మీదికి చెయ్యి చాపింది, వేళ్లు తగలబోతుండగా వెనక్కి తీసుకుంది. మూత పెట్టేసింది. అలా పద్నాలుగుసార్లు. నేను గుమ్మంలో నిలబడి చూశాను, నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఇన్నేళ్లు పెట్టిన దీవెనను నేను రోగమని నిరూపించాను. ఆ చెప్పే తీరు కూడా ఎంత మొరటుగా ఉందో అప్పుడు తెలిసింది.

మూడో రోజు ఆమే మాట్లాడింది. "మీ సారు చెయ్యి గుడ వెట్టిచ్చినవా గిట్ల?"

లేదన్నాను.

"నీది?"

అదీ లేదు.

"మరి నాదొక్కదే ఎందుకు? పద, పోదాం."

పట్టుచీర కట్టుకుని కాలేజీకి వచ్చింది. ల్యాబు గుమ్మం బయట చెప్పులు విడిచింది. సార్ వద్దన్నా వినలేదు, చదువు చెప్పే చోట చెప్పులేంటంది. ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి పళ్లెం మీద చెయ్యి పెట్టించింది. నాతోనూ పెట్టించింది. రెండు రోజుల తర్వాత ఫలితం చూడడానికి మళ్లీ పట్టుచీరతోనే వచ్చింది. నాది అమ్మ చేతికి తీసిపోలేదు. సార్‌దైతే అడవే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

"కాకూ, తుమ్చా హాత్ మాఝ్యాపేక్షా బరా ఆహే" అన్నాడు సార్ నవ్వుతూ. పిన్నీ, నా చేతి కంటే మీ చెయ్యే నయం అని. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనిషి అన్నాక అందరి చేతుల మీదా అవి ఉంటాయని, చేతి మీద ఉన్నంతవరకు వాటి దారి వాటిదని, గోరువెచ్చటి అన్నంలో పడి నాలుగైదు గంటలు ఎండలో కూర్చుంటేనే అవి సంసారం పెంచుకుంటాయని సార్ చెప్పాడు. సంసారం అన్న మాట మరాఠీలోనూ అదే కాబట్టి అమ్మకు వెంటనే అర్థమైంది. నేను పది రోజులుగా చెప్పలేకపోయింది ఆయన ఒక్క మాటతో చెప్పేశాడు.

ఇక ఆ తర్వాతి వారం మా వంటింట్లో పెత్తనం అమ్మదే, నేను ఆమె కింద పనిమనిషిని. తడిగుడ్డను పొయ్యిలో వేసింది. డబ్బాలను మరిగే నీళ్లతో కడిగి, నులక మంచం మీద బోర్లించి ఎండలో పెట్టింది. బోర్లిస్తే ధూళి లోపల పడదు, చంద్రపూర్ ఎండకు తడి నిలవదు. ఇన్నాళ్లూ మా అన్నం పాడుచేసిన ఎండే ఇప్పుడు మాకు జీతం లేకుండా పనిచేసింది. పెరుగు మానేసింది. పప్పు ముద్దకు బదులు చింతపండు బాగా పోసి, ఇంగువ, పసుపు వేసిన పులిహోర. కూరలో వాము, లవంగం. దేనిలో ఏది ఎంత పడాలో నా నోటుపుస్తకం చూసి కాదు, నాలుక చూసి తేల్చింది. "నీ లవంగం గెలిచిందని గుప్పెడు ఏస్తె అన్నం మందు లెక్కుంటది" అని నన్ను తిట్టింది కూడా. కొత్తగా చేసిన ప్రతిదాన్నీ మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి, పళ్లెం మీద పెట్టమని నాకిచ్చేది. మర్నాడు నేను గుమ్మంలో అడుగు పెట్టకముందే, "మొలిచినయా?" అని అడిగేది. అన్నం మాత్రం గరిటెతోనే నింపేది. దాని మీద చెయ్యి పెట్టలేదు. ఆ విషయం నేనూ ఎత్తలేదు.

మూడు వారాలు నిండిన ఆదివారం. పెద్దాయన వచ్చాడు, ఈసారి వెనక ఇంకో నలుగురు. అమ్మ వాళ్లకు చాప వేసింది, చాయ్ పెట్టింది, కప్పులు అందించింది. నేను తలుపు వెనక గోళ్లు కొరుకుతున్నాను.

"అన్నం మంచిగుంది అక్కా" అన్నాడు ఆయన. "ఒక్కనాడు గుడ పాసిపోలేదు. కాంటీను ముచ్చట ఇగ ఎవ్వలు తీస్తలేరు."

అమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. కానీ ఆయన లేవలేదు. చాయ్ కప్పు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. వెనక నుంచి ఒకడు మోచేత్తో పొడిచాడు.

"ఏంది తమ్మీ, చెప్పు" అంది అమ్మ.

"ఏం లేదక్కా. డబ్బా తెరిస్తె అన్నం మీద నీ అయిదేళ్లు కనవడేటియి. మేం రోజు చూసుకునేటోళ్లం. ఇంటికాడి నుంచి వచ్చినట్టు ఉండేది. పది దినాల సంది కనవడతలేవు. గా కాంటీను మాటకు నీకు మా మీద కోపమొచ్చి చెయ్యి తీసినవని పోరగాండ్లు బాధవడుతుండ్రు. తప్పయింది అక్కా."

పన్ను కింద మువ్వ పడ్డ కుర్రాడు తల వంచుకుని చాప పుల్లలు పీకుతున్నాడు. ఇన్ని పళ్లేలు పెట్టాను, ఇన్ని లెక్కలు రాసుకున్నాను, ఆ అయిదు గుంటల కోసం పద్నాలుగు మంది రోజూ డబ్బా తెరుస్తున్నారని నాకు తట్టనే లేదు. అమ్మ కళ్లు నిండాయి. నా వైపు ఒకసారి చూసింది, వాళ్ల వైపు తిరిగింది.

"పిచ్చోండ్లారా, కోపముంటె చెయ్యి వెట్టేదాన్ని. లేదు గనుకనే తీసిన" అంది.